సముద్రం మీద మీగడ

బాపట్ల జిల్లాలో పడమటి నుంచి సముద్రం వైపు వస్తుంటే ఒకచోట నల్లమట్టి అయిపోయి ఇసుక మొదలవుతుంది. అక్కణ్నుంచి అలల దాకా చాలాచోట్ల ఇసుకే. సరుగుడు తోటలు, జీడిమామిడి, తాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇసుకలో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. అలాంటి చోట, తోటల నడుమ, ఉన్నట్టుండి పచ్చటి మళ్లు కనిపిస్తాయి. తోటకూర, గోంగూర, వంగ, మిరప, చలికాలమైతే వేరుశనగ. మడి పక్కనే ఓ గుంట. దాని ఒడ్డు వాలుగా ఉంటుంది. మనిషి రెండు చేతులా రెండు బిందెలతో దిగి, ముంచుకుని, పైకొచ్చి, నడుస్తూనే మొక్కల మీద పోసుకుంటూ పోవచ్చు. ఆ గుంటను దొరువు అంటారు.

సముద్రం హోరు వినిపించేంత దగ్గరలో కూడా దొరువులో మంచినీళ్లు ఊరతాయి. పక్కనే లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న సముద్రం. మధ్యలో గోడ లేదు, రాతిపొర లేదు, ఉన్నదల్లా నీళ్లను ఇట్టే వదిలేసే ఇసుక. ఇంకా వింత ఏమిటంటే, అదే చోట నీళ్లు దండిగా రావాలని బోరు లోతుగా దించితే ఉప్పునీళ్లు పడతాయి. రాయలసీమలోనో తెలంగాణలోనో నీళ్లు తగ్గితే రైతు ఇంకో వంద అడుగులు దించుదామనుకుంటాడు. ఇక్కడి రైతుకు లోతంటేనే భయం.

ఈ తీరంలో ఏ పంట ఎందుకు పండుతుందో, ఏది ఎందుకు పండదో తెలుసుకోవాలంటే ఈ గుంట దగ్గర మొదలుపెట్టడం మంచిదని నాకనిపిస్తుంది.

నది తెచ్చింది, అల చెరిగింది

కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుట్టి దక్కను పీఠభూమిలోని నల్లరాతి మీదుగా వస్తుంది. ఆ రాయి అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడింది. అది కుళ్లి, అరిగితే నల్లరేగడి. దారిలో కలిసే తుంగభద్ర గ్రానైటు, దాని వరస రాళ్ల మీదుగా వస్తుంది కాబట్టి అది తెచ్చే దాంట్లో తెల్లటి పలుగురాతి రేణువులు ఎక్కువ. సముద్రం చేరేసరికి నల్లదీ తెల్లదీ అంతా కలిసిపోయే ఉంటుంది.

వాటిని విడదీసేది అల. చేటలో బియ్యం చెరిగితే ఊక ఎగిరిపోయి గింజ నిలిచినట్టు, అల లేచిన ప్రతిసారీ సన్నటి బంకమట్టి నీళ్లలో తేలిపోతుంది. బరువైన ఇసుక ఒడ్డునే పడుతుంది. తేలిపోయిన బంకమట్టి అలల తాకిడి లేని పల్లాల్లో, ఉప్పుటేళ్లలో నిదానంగా దిగుతుంది. ఒడ్డున ఎండిన ఇసుకను గాలి ఎత్తి దిబ్బలు పోస్తుంది. అలలు వెనక్కి వెళ్లాక సూర్యలంక తీరంలో ఇసుక మీద అక్కడక్కడా నల్లటి చారలు కనిపిస్తే, అవి మురికి కాదు. పలుగురాతి కంటే బరువైన ఖనిజాలు అదే చెరుగుడులో ఒక వరసకు చేరి అలా కనిపిస్తాయి.

సుమారు ఆరేడు వేల ఏళ్ల కిందట సముద్రమట్టం పెరగడం దాదాపు ఆగింది. అప్పట్నుంచీ నది మట్టి పోస్తూ తీరాన్ని ముందుకు నెడుతూ వచ్చింది. ఒక్కో కాలంలో తీరం ఎక్కడుందో అక్కడ ఒక ఇసుక దిబ్బ మిగిలింది, రెండు దిబ్బల మధ్య ఒక పల్లం మిగిలింది. పైనుంచి చూస్తే చీర కుచ్చిళ్లలా ఉంటాయి. పల్లాల్లో వరి, దిబ్బల మీద తోటలూ ఊళ్లూ. వానాకాలంలో నీళ్లెక్కని చోటు వెతుక్కుని ఇల్లు కట్టుకున్నవాళ్లు తమకు తెలియకుండానే వేల ఏళ్ల నాటి తీరాల మీద కట్టుకున్నారు.

గోలీల బస్తా, అప్పడాల కట్ట

ఇసుకంటే గోలీల బస్తా అనుకోండి. గోలీల మధ్య ఖాళీలు పెద్దవి, ఒకదానితో ఒకటి కలిసినవి. చెంబెడు నీళ్లు పోస్తే కిందికి జారిపోతాయి. బంకమట్టి అప్పడాల కట్ట లాంటిది. దాని రేణువులు గుండ్రంగా ఉండవు, పలకల్లా ఉంటాయి. మిల్లీమీటరులో ఐదు వందలో వంతు కంటే చిన్నవి. నీళ్లు పలకల మధ్యకు దూరి అక్కడే చిక్కుకుంటాయి. అందుకే నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది.

తేడా ఎంతటిదో చూడండి. గ్రాము తీరపు ఇసుక తీసుకుని ప్రతి రేణువు పైభాగాన్నీ కలిపి కొలిస్తే దాదాపు ఒక అరచేయంత. నల్లరేగడికి ఆ గుణాన్నిచ్చే స్మెక్టైట్ అనే ఖనిజం ఒక గ్రాము తీసుకుని పొరపొరా విప్పి పరిస్తే పది సెంట్ల స్థలాన్ని కప్పుతుంది. ఆ స్థలమంతటా రుణ విద్యుదావేశం ఉంటుంది. కాల్షియం, పొటాషియం, అమ్మోనియం లాంటి ధన విద్యుదావేశం ఉన్న పోషకాలు దానికి అంటుకుని నిలుస్తాయి. మొక్క వేరు కావలసినప్పుడల్లా తీసుకుంటుంది. ఇంట్లో గాదె ఉన్నట్టు.

ఇసుకకు గాదె లేదు. వేసిన యూరియాలో మొక్క అందుకోలేకపోయినది తర్వాతి తడికో వానకో వేళ్లు దాటి దిగిపోతుంది. అందుకే ఇసుకలో పండించేవాళ్లు ఎరువును కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు వేస్తారు, పశువుల ఎరువు తోలుతారు, దొరికితే చెరువుమట్టి తోలుతారు. గోలీల బస్తాలో నాలుగు అప్పడాలు వేసినా తేడా తెలుస్తుంది.

పుస్తకాల్లో ఇలాంటి నేలను నిస్సారమైనదని రాసి వదిలేస్తుంటారు. నాకది సగం మాటే అనిపిస్తుంది. పోషకాన్ని పట్టుకోలేని నేల ఉప్పునూ పట్టుకోలేదు. ఉప్పెనొచ్చి సముద్రపు నీళ్లు పొలం మీద నిలిచాయనుకోండి, ఇసుక దిబ్బ మీది ఉప్పును మంచి వానలు కిందికి కడిగేస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినటువంటి ఉప్పెన బంకమట్టి పొలం మీదికొస్తే ఆ ఉప్పు పలకల మధ్య చేరుతుంది. దాన్ని వదిలించడం చాలా కాలం పట్టే పని. బీదగా కనిపించే నేలకు ఇది చిన్న బలమేమీ కాదు.

నలభై ఒక్క అడుగుల త్రాసు

ఇక గుంటలో మంచినీళ్ల సంగతి. ఈ తీరంలో ఏడాదికి అటూ ఇటూగా వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. కొంత నైరుతిది, కొంత అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు తెచ్చేది. నల్లమట్టి మీద పడిన వానలో చాలా భాగం పారి డ్రెయిన్ల దారి పడుతుంది. ఇసుక మీద పడింది ఎక్కువగా పడినచోటే ఇంకుతుంది.

కింద సముద్రపు నీళ్లు ఇసుక సందుల్లో ముందే ఉన్నాయి. వాననీళ్లు దిగి వాటితో కలిసిపోవాలి కదా? వంటింట్లో నూనె నీళ్ల మీద తేలడం చూశాం. మంచినీళ్లు ఉప్పునీళ్ల కంటే అంత తేలిక కాదు, తేడా నూటికి రెండున్నర పాళ్లే. ఒక బకెట్‌లో పోసి గిలక్కొడితే రెండూ కలిసిపోతాయి. ఇసుక సందుల్లో గిలక్కొట్టేవాళ్లు లేరు. నీళ్లు ఒక్కో రేణువునూ చుట్టుకుంటూ అతి నెమ్మదిగా కదులుతాయి. ఆ నెమ్మదిలో ఆ చిన్న తేడాయే చాలు, తేలికది పైన తేలుతుంది.

ఎంత లోతున తేలుతుంది? ఒక త్రాసు ఊహించుకోండి. ఒక పళ్లెంలో 40 అడుగుల ఎత్తు సముద్రపు నీళ్ల స్తంభం. రెండో పళ్లెంలో మంచినీళ్లు పోస్తూ పోతే త్రాసు సమం కావడానికి 41 అడుగులు కావాలి. అంటే దిబ్బ కింద మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక అడుగు పైన నిలిస్తే, సముద్రమట్టానికి కింద 40 అడుగుల దాకా మంచినీళ్లు ఉప్పునీళ్లను నెట్టి ఉంచగలవు. ఈ లెక్కను 1880ల చివర డచ్చి ఇంజనీరు బాడన్ గైబెన్, తర్వాత 1901లో జర్మనీకి చెందిన హెర్ట్స్‌బర్గ్ ఎవరికి వారుగా చెప్పారు. వాళ్లిద్దరికీ ఎదురైంది ఇదే చిక్కు, ఉత్తర సముద్రపు ఇసుక తీరంలో.

నిజమైన నేల అంత శుభ్రంగా లెక్కకు లొంగదు. ఇసుక కింద బంకమట్టి పొర అడ్డం రావచ్చు. రెండు నీళ్ల మధ్య గీత గీసినట్టు ఉండదు, కొంత మందాన సగం ఉప్పుగా ఉండే పొర ఉంటుంది. అందువల్ల చాలాచోట్ల మంచినీళ్ల మందం కొద్ది మీటర్లే. అయినా లెక్క అసలు చెప్పే హెచ్చరిక మారదు. పైన ఒక అడుగు తోడేస్తే, అడుగున గీత 40 అడుగులు పైకి రావాలని చూస్తుంది.

పాలమీద మీగడ తీసేవాళ్లకు ఈ విషయం చెప్పక్కర్లేదు. గరిటె పైపైన, అడ్డంగా పట్టాలి. గిన్నె అడుగుకు గొట్టం దించి పీలిస్తే పాలే వస్తాయి. మోటారు పెట్టి ఒకేచోట గట్టిగా లాగితే ఆ గొట్టం కింద ఉప్పునీళ్లు పుట్టలా పైకి లేస్తాయి. ఎంత కలిస్తే చెడుతుంది? నూరు చెంబుల మంచినీళ్లలో ఆరు చెంబుల సముద్రపు నీళ్లు కలిసినా లీటరుకు రెండు గ్రాముల ఉప్పవుతుంది. చాలా కూరగాయలకు అక్కడే కష్టం మొదలవుతుంది.

దొరువు వెడల్పుగా, లోతు తక్కువగా ఎందుకుంటుందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. మనిషి బిందెతో ముంచే వేగం కూడా ఆ మీగడ భరించగల వేగమే. సాయంత్రానికి అడుగంటినా తెల్లారేసరికి పక్కల నుంచి మళ్లీ ఊరుతుంది.

■ బాక్స్: మాగాయ ఊట, మొక్క దాహం ■

మాగాయకు మామిడి ముక్కలు తరిగి ఉప్పు కలిపి జాడీలో పెడతాం. మూడో రోజుకు ముక్కలు వడిలి, జాడీలో ఊట నిండుతుంది. నీళ్లు మనం పోయలేదు. ముక్కలోని కణాల చుట్టూ ఉన్న పలుచటి పొర నీళ్లను పోనిస్తుంది, ఉప్పును అంత తేలిగ్గా రానివ్వదు. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీళ్లే బయటికి వస్తాయి.

వేరు కణాలదీ అదే దారి. మామూలు నేలలో వేరు లోపల లవణాల గాఢత ఎక్కువ, బయట తక్కువ కాబట్టి నీళ్లు లోపలికి వస్తాయి. నేలలో ఉప్పు పెరిగేకొద్దీ ఈ లాగుడు బలహీనమవుతుంది. మడిలో నీళ్లు నిలిచి ఉన్నా మొక్క ఎండినట్టు వడిలేది ఇందుకే. నీళ్లతోపాటు లోపలికి చేరిన ఉప్పు ఆకు చివర్లకు వెళ్లి పేరుకుంటుంది, అక్కణ్నుంచి మాడడం మొదలవుతుంది. వరి నారు దశలోనూ పూత దశలోనూ ఉప్పుకు ఎక్కువగా లొంగుతుంది. చౌడు పొలాల్లో ముదురు నారు, కుదురుకు ఎక్కువ మొక్కలు నాటమని చెప్పేది ఆ నష్టాన్ని కొంత తట్టుకోవడానికే.

వేరుశనగకు ఇసుక ఎందుకిష్టం

వేరుశనగ పువ్వు నేల మీద పూస్తుంది, కాయ నేలలో కాస్తుంది. పువ్వు ఫలదీకరణ చెందాక దాని అడుగు నుంచి ఒక ఊడ సాగి, వంగి, మట్టిలోకి దిగుతుంది. దాని కొన ఉబ్బి కాయవుతుంది. ఎండి గట్టిపడ్డ నల్లమట్టిలో ఆ సన్నటి ఊడ దిగలేదు. ఇసుకలో సూది దిగినట్టు దిగుతుంది. కోత వేళ మొక్క పట్టుకుని లాగితే కాయలన్నీ మట్టి అంటకుండా వచ్చేస్తాయి. నల్లమట్టిలో ఎన్ని కాయలు నేలలోనే తెగి ఉండిపోతాయో తవ్వినవాళ్లకే తెలుసు.

అయితే ఇసుకలో ఈ పంటకు ఒక గండం ఉంది. మొక్కలో కాల్షియం నీళ్లతోపాటు పైకి ప్రయాణిస్తుంది. ఆకులు ఆవిరి వదిలే చోటికి వెళుతుంది. నేలలో ఉన్న కాయ ఆవిరి వదలదు కాబట్టి దాని వంతు దానికి చేరదు. తనకు కావలసిన కాల్షియాన్ని కాయ తన తొక్కతోనే చుట్టూ ఉన్న మట్టి నుంచి తీసుకోవాలి. గాదె లేని ఇసుకలో ఆ కాల్షియం చాలినంత ఉండదు. అప్పుడు కాయ పైకి బాగానే ఉంటుంది, ఒలిస్తే పప్పు ఉండదు. పూత సమయంలో ఎకరానికి 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమనేది ఇందుకు. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్. ఎరువు వేరుకు వేస్తామని మనకు అలవాటు. ఇక్కడ కాయకే నేరుగా అన్నం పెడుతున్నాం.

ఇసుకకు సరిపడ్డ మరో మొక్క సరుగుడు సంగతీ చూడండి. సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, సన్నటి కొమ్మలు. అసలు ఆకులు కణుపుల దగ్గర పొలుసుల్లా మిగిలాయి. నీటి ఖర్చు తక్కువ, ఉప్పుగాలికి మాడేది తక్కువ. వేళ్ల బొడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. గాదె లేని నేలలో రోజుకూలి తెచ్చుకుని బతికే చెట్టు అది. దాని వరసల చాటున ఇసుక ఎగరడం తగ్గితేనే వెనకాల కూరమడి నిలుస్తుంది.

నల్లమట్టి వైపు: ఒత్తి, నూనె, చౌడు

దిబ్బ దిగి పల్లంలోకి వస్తే కథ తిరగబడుతుంది. ఈ బంకమట్టిలో కొంత సముద్రంలోనో ఉప్పుటేటిలోనో దిగినది, పుట్టుకతోనే ఉప్పు మోసినది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక, తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక, ఏటా నిలిచే వరినీళ్లు ఆ ఉప్పును కిందికి నెడుతూ వచ్చాయి. వరి చేసే ఈ పని ఎవరి లెక్కల్లోనూ కనిపించదు. కాలువ చివర, శివారు భూములకు నీళ్లు సరిగా అందని ఏడాది ఆ నెట్టుడు ఆగిపోతుంది.

అప్పుడు ఒత్తి పని చేయడం మొదలుపెడుతుంది. దీపపు ఒత్తి ప్రమిదలోని నూనెను పైకి పీల్చి కొసన వెలుగుతుంది. బంకమట్టి సందులు ఒత్తి పోగుల్లాంటివి. పైన ఎండ లాగుతుంటే అడుగున ఉప్పునీళ్లు పైకి పాకుతాయి. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఉండిపోతుంది. మే నెలలో పొలం మీద సున్నం చల్లినట్టు కనిపించే తెల్లటి పొర అదే. రైతులు పాలచౌడు అంటారు. నల్లమడ, రొంపేరు, పేరలి లాంటి డ్రెయిన్లు పూడిపోతే పల్లంలో నీళ్లు దిగవు. సముద్రపు పోటు డ్రెయిన్‌లోకి ఎగదన్నితే పైనుంచి కూడా ఉప్పే.

పాలచౌడుకు మందు మంచినీళ్లే. పొలం నింపి, ఇంకనిచ్చి, ఆ నీళ్లు బయటికి పోయే దారి చూపాలి. దారి లేకుండా కడగడం అడుగు మూసిన గిన్నెలో బియ్యం కడిగినట్టుంటుంది. పొరుగునే ప్రకాశం జిల్లాలో, పేరులోనే ఉప్పున్న ఉప్పుగుండూరులో, భూమి లోపల చిల్లుల గొట్టాలు పరిచి ఉప్పునీళ్లను బయటికి తీసే పద్ధతిని బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు రైతుల పొలాల్లోనే చేసి చూపారు.

కారుచౌడు వేరే జబ్బు. అక్కడ సోడియం బంకపలకలకే అంటుకుంటుంది. కాల్షియం పలకలను జట్టుగా పట్టి ఉంచుతుంది, సోడియం వాటిని విడదీస్తుంది. విడిపోయిన పలకలు సందులన్నిటినీ మూసేస్తాయి. నీళ్లు దిగవు, గాలి ఆడదు, ఎండితే రాయి. ఎంత కడిగినా లాభం లేదు, నీళ్లు లోపలికి వెళ్తే కదా! ముందు జిప్సం వేయాలి. దానిలోని కాల్షియం సోడియంను పలక మీంచి దింపి తాను ఎక్కుతుంది. ఆ తర్వాత కడిగితే సోడియం పోతుంది. జీలుగ వేసి పూత దశలో కలియదున్నితే మట్టి గుల్లబారి పని తేలికవుతుంది. దిబ్బ మీద కాయకు అన్నమైన జిప్సమే పల్లంలో మట్టికి మందయింది.

■ బాక్స్: సీసా పరీక్ష ■

పొలం మట్టిని గడ్డలు చిదిపి, గాజుసీసాలో మూడో వంతు పోయండి. వాననీళ్లు నింపి బాగా గిలక్కొట్టి కదలకుండా పెట్టండి. నిమిషంలోపు అడుగున చేరేది ఇసుక. తర్వాత కొన్ని గంటల్లో దాని మీద దిగేది ఒండ్రు. చివరికి సన్నగా దిగేది బంకమట్టి. మూడు పొరల మందం చూస్తే మీ నేల గోలీల వైపో అప్పడాల వైపో తెలిసిపోతుంది. రోజులు గడిచినా నీళ్లు తేటపడకుండా టీ రంగులోనో బూడిదరంగులోనో ఉండిపోతే సోడియం అనుమానించి, మట్టి నమూనాను భూసార పరీక్షకు పంపండి. నమూనా తీసేటప్పుడు పైపొరది విడిగా, అడుగు లోతుది విడిగా తీయండి, ఎందుకంటే ఉప్పు ఏడాది పొడవునా పైకీ కిందికీ ప్రయాణిస్తూనే ఉంటుంది.

దిబ్బను ఎత్తుకెళితే

మంచినీళ్ల మీగడ మందం, దిబ్బ కింద మంచినీళ్లు సముద్రమట్టానికి ఎంత పైన నిలుస్తాయో దాని మీద ఆధారపడి ఉందని త్రాసు లెక్క చెప్పింది కదా. ఇళ్లకూ రోడ్లకూ మెరకకూ దిబ్బ ఇసుక తోలుకుపోయినప్పుడు పోయేది ఇసుక ఒక్కటే కాదు. వాననీళ్లు సముద్రమట్టానికి పైన నిలిచే చోటు పోతుంది. పైన నీటిమట్టం తగ్గిన ప్రతి అడుగుకూ కింద ఎంత పోతుందో మనకు తెలుసు. ఈ నష్టం ఇసుక తోలినవాడి కంటే ముందు పక్క పొలంలో తోటకూర వేసుకున్న మనిషికి తెలుస్తుంది.

రొయ్యల చెరువుల విషయమూ అంతే. ఉప్పునీళ్లు నింపిన చెరువు ఇసుక మీదో, ఇసుక పొర దగ్గరగా ఉన్న చోటో ఉంటే, ఆ నీళ్లు మీగడ మీదికి పైనుంచే దిగుతాయి. రొయ్య వల్ల బతుకుతున్న కుటుంబాలు ఈ తీరంలో చాలా ఉన్నాయి. చెరువు ఎక్కడుండాలో నిర్ణయించేటప్పుడు కింద ఏ మట్టి ఉందో చూసి తీరాలని అడగడం వాళ్లకు వ్యతిరేకం కాదు. నీళ్లు పట్టి ఉంచే బంకమట్టి వేరు, వదిలేసే ఇసుక వేరు.

యూరియా సంగతి ఇంకోటి. దిబ్బ మీద కురిపించింది చివరికి చేరేది దొరువులోకే. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చేతిపంపుతో తాగేదీ ఆ మీగడే. అందుకే ఇసుక నేలలో ఎరువు పొదుపంటే పంట ఖర్చు తగ్గించుకోవడం మాత్రమే కాదు. తాగే నీళ్లలో నైట్రేటు పెరగకుండా చూసుకోవడం కూడా.

ఇక బిందెలు మోయడం మాటేమిటి? రెండు చేతులా రెండు బిందెలతో రోజంతా ఇసుకలో ఎక్కి దిగే పని నడుమును ఏం చేస్తుందో చేసినవాళ్లనే అడగాలి. ఆ కష్టాన్ని సంప్రదాయమని మెచ్చుకుంటూ కూర్చోవడం న్యాయం కాదు. మోటారు పెడితే ఉప్పు లేస్తుంది, పెట్టకపోతే మనిషి అరిగిపోతాడు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం దీనికి వెతికిన దారి దొరువునే భూమి లోపల అడ్డంగా సాగదీయడం. మంచినీటి పొర పైభాగంలోనే, కొద్దిపాటి వాలుతో, చిల్లుల గొట్టాలను పొడవునా పరుస్తారు. ఇసుక దూరకుండా వాటికి జల్లెడలాంటి వల చుడతారు. అవన్నీ ఒక ఊటబావిలోకి తెరుచుకుంటాయి. మోటారు ఆ బావిలోంచి తోడుతుంది. ఒకేచోట గట్టిగా లాగే బదులు గొట్టాల పొడవునా కొంచెం కొంచెంగా లాగుతుంది కాబట్టి అడుగున ఉప్పు పుట్ట లేవదు. బావిలోని నీళ్లు తుంపరలుగా చల్లుకోవచ్చు, వేరుశనగకూ కూరగాయలకూ సరిపోతాయి. బావి అడుగంటితే మోటారు ఆపి, పక్కల నుంచి ఊరేదాకా ఆగాలి. దొరువు దగ్గర బిందె పక్కన పెట్టి ఆగినట్టే.